బాయిలో పోయినవాళ్లది త్యాగం కాదు

మా బాపు వీపు మీద, మోచేతుల మీద, కుడి కనుబొమ్మ పైన నీలం రంగు మచ్చలుంటాయి. కొత్తగా చూసినవాళ్లు పచ్చబొట్లు అనుకుంటారు. బొగ్గు బాయిలో (గనిని మేం బాయి అంటాం) దెబ్బ తగిలితే గాయంలోకి బొగ్గు పొడి పోతుంది. గాయం మానుతుంది గానీ పొడి చర్మం కిందే ఉండిపోయి నీలంగా తేలుతుంది. ఎన్ని సబ్బులు అరగదీసినా పోదు. చిన్నప్పుడు ఆ మచ్చల మీద వేలు పెట్టి "ఇదెప్పటిది బాపూ?" అని అడిగేదాన్ని. ఒక్కోదానికి ఒక్కో తేదీ, ఒక్కో జాగా చెప్పేవాడు. కనుబొమ్మ మీదిది టబ్బు (బొగ్గు మోసే డబ్బా బండి) తగిలి, మోచేతిది పెల్ల రాలి. వీపు మీది పెద్ద మచ్చ దగ్గరికొచ్చేసరికి మాత్రం మాట మార్చేవాడు. అది తగిలిన రోజు పక్కన పనిచేస్తున్న మనిషి ఇంటికి రాలేదని చాలా ఏళ్ల తర్వాత అమ్మ చెప్పింది.

బాపు టింబర్‌మన్. అంటే బాయిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. ఆయన బాయి గురించి మాట్లాడుతుంటే నాకు ఒక విషయం వింతగా ఉండేది. లోపల ప్రతి దారికీ అంకె ఉంటుంది. ఫలానా లెవెల్ (అడ్డంగా పోయే దారి), ఫలానా డిప్ (వాలుగా దిగే దారి) అని మ్యాపులో స్పష్టంగా రాసుంటుంది. కానీ బాపూ, ఆయన జతగాళ్లూ ఆ అంకెలు వాడేవాళ్లు కాదు. ఒక మనిషి పేరు చెప్పి, "ఆయన పడ్డ జంక్షన్ కాడ" అనేవాళ్లు. ఇంకో చోటు "అన్నదమ్ములు పోయిన లెవెల్". కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లగాడు ఆ పేర్లు విని "ఎవరు? ఏమైంది?" అని అడిగేవాడు. అక్కడ ఏమైందో, ఎందుకైందో పాతవాళ్లు చెప్పేవాళ్లు. ఆ తర్వాత ఆ పిల్లగాడు ఆ జంక్షన్ దాటుతూ ఒకసారి తలెత్తి పైకి చూసుకునేవాడు.

చనిపోయినవాళ్లను గుర్తుపెట్టుకోవడమంటే నాకు తెలిసి ఇదే. మిగతా పద్ధతుల మీద నాకు పేచీ ఉంది.

పేచీ మొదట మాటతోనే. బొగ్గు గనుల్లో ఎవరైనా చనిపోతే మన వేదికల మీద, పేపర్లలో వినిపించే మాట త్యాగం. దేశానికి వెలుగు ఇవ్వడానికి తమ బతుకుల్ని చీకటి చేసుకున్నారని, ప్రాణాలు ధారపోశారని అంటారు. నల్ల సూర్యులు అనే బిరుదు సరేసరి. వినడానికి గౌరవంగానే ఉంటుంది. కానీ త్యాగం చేసేవాడు తెలిసి, కావాలని ఇస్తాడు. మొదటి షిఫ్టుకు సద్దిగిన్నె పట్టుకుని పోయిన మనిషి ఏమీ ఇద్దామని పోలేదు. సాయంత్రం వచ్చి స్నానం చేసి, బిడ్డ ఫీజు కట్టి, పండుగకు ఊరికి పోదామనుకున్నాడు. అతని ప్రాణాన్ని అతను ఇవ్వలేదు. అది పోయింది. పోవడానికి ఒక కారణం ఉంది. త్యాగం అన్నామంటే ఆ కారణం అడగాల్సిన పని లేకుండా పోతుంది. ధారపోసినవాడిని ఎందుకు ధారపోశావని ఎవరడుగుతారు?

కారణాలు ఎట్లా ఉంటాయో కొంచెం చెప్పాలి. బొగ్గు బాయి తెలియనివాళ్లకు పైకప్పు కూలింది అంటే భూకంపంలాంటి దైవఘటన అనిపిస్తుంది.

భూమి లోపల బొగ్గు పొరలో దారులు తవ్వుకుంటూ పోతారు. మధ్య మధ్య బొగ్గును స్తంభాల్లా వదిలేస్తారు. వాటిని పిల్లర్లంటారు. ఆ పిల్లర్లు పైనున్న బండను మోస్తాయి. ఒక భాగమంతా దారులు చేయడం అయిపోయాక అసలు సంగతి మొదలవుతుంది. చివరి నుంచి వెనక్కి వస్తూ ఆ పిల్లర్లను కూడా తీసేస్తారు. దాన్ని డిపిల్లరింగ్ అంటారు. తీసేసిన చోట పైకప్పు కూలాలి, కూలనిస్తారు. కూలిన ఆ జాగా పేరు గోఫ్. పాత పెంకుటిల్లు లోపల నిలబడి, ఒక్కో గుంజ పీకుతూ, ఇల్లు మన వెనకే కూలుతుంటే గుమ్మం వైపు నడవడం లాంటి పని అది. ఎప్పుడు ఎంత కూలుతుందో లెక్క ఉంటుంది. లెక్క తప్పే రోజులూ ఉంటాయి.

అందుకే కప్పును కొట్టి చూస్తారు. ఇనుప కడ్డీతో తడితే గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్ల చప్పుడొస్తుంది. కర్ర గుంజలైతే బరువు పెరిగేకొద్దీ కిర్రుమంటాయి, చీలతాయి. "కర్ర మాట్లాడుతది, ఇనుము మాట్లాడదు" అని బాపు అనేవాడు. ఇనుప ప్రాపులు, రూఫ్ బోల్టులు వచ్చాక కప్పు గట్టిపడిన మాట నిజం. ఆ మాట వినే చెవులు తగ్గాయని ఆయన బాధ. నేను ఇంజినీర్ని కాదు, ఇందులో ఎవరిది రైటో తేల్చలేను.

కప్పు కాక గ్యాస్ ఉంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక నిప్పురవ్వ చాలు. దాని వెనకే బొగ్గు దుమ్ము అంటుకుంటే మంట దారుల వెంట పరుగెత్తుతుంది. అందుకే లోపల గోడలకు, నేలకు సున్నపురాయి పొడి చల్లుతారు. 1958లో చినాకురి గని, 1965లో ధోరి గని పేలుళ్ల గురించి చదివితే ఆ తెల్ల పొడి విలువ తెలుస్తుంది. ధోరిలో చనిపోయింది 268 మంది.

ఇక నీళ్లు. నన్ను ఎక్కువ కుదిపేది ఇవే.

1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి, పై భాగంలో నిలిచి ఉన్న నీళ్లు ఒక్కసారిగా దూకాయి. 375 మంది పోయారు. 1989 నవంబర్‌లో రాణిగంజ్ దగ్గర మహావీర్ గనిలోకి పాత తవ్వకాల నీళ్లు చొరబడ్డాయి. ఆరుగురు పోయారు. లోపల చిక్కుకున్న 65 మందిని, పైనుంచి బోరు వేసి, ఉక్కు గొట్టంలాంటి క్యాప్సూల్‌లో ఒక్కొక్కరినే బయటికి తీశారు. ఆ క్యాప్సూల్‌లో తానే కిందికి దిగిన ఇంజినీర్ జస్వంత్ సింగ్ గిల్ పేరు చాలామందికి తెలుసు, తెలియాలి కూడా. ఆ ఆరుగురి పేర్లు మాత్రం నేను ఎక్కడా వినలేదు. 2001 ఫిబ్రవరిలో బాగ్‌డిగి గనిలో పక్క గని నీళ్లు విరుచుకుపడి 29 మంది. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది. 2018 డిసెంబర్‌లో మేఘాలయలోని ఎలుక బొరియల్లాంటి గనిలో నీళ్లకు చిక్కి 15 మంది.

పాత తవ్వకాల్లో నీళ్లు నిలుస్తాయని తెలియనిదెవరికి? 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లోనే ఉంది. వదిలేసిన తవ్వకాలకు 60 మీటర్ల లోపు పని చేయాలంటే ముందు అనుమతి కావాలి, ముందుకు సన్న బోర్లు వేసి నీళ్లున్నాయో లేదో చూసుకుంటూ పోవాలి. అంటే చస్నాలాకు 18 ఏళ్ల ముందే కాగితం మీద జవాబుంది. చస్నాలాలో పోయినవాళ్లను మనం నిజంగా గుర్తుపెట్టుకుని ఉంటే, అంటే వాళ్ల ఫొటోలకు దండలేయడం కాకుండా ఆ నీళ్లను గుర్తుపెట్టుకుని ఉంటే, తర్వాతి జాబితా ఇంత పొడుగు ఉండేదా?

చస్నాలా కేసు సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. ధన్‌బాద్ కోర్టు ఇద్దరు మాజీ అధికారులను దోషులుగా తేల్చి ఏడాది జైలు వేసింది 2012లో. ఘటన జరిగి 36 ఏళ్లు దాటాక. మిగతా నిందితులు ఆపాటికే చనిపోయారు.

2003 నాకు బాగా గుర్తు. నేను అప్పుడు వరంగల్‌లో హాస్టల్లో ఉన్నాను. జూన్‌లో ఆ వార్త వచ్చిన సాయంత్రం ఎస్టీడీ బూతు ముందు బొగ్గు గనుల ఊళ్ల పిల్లలమే వరుసగా నిలబడ్డాం. గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, భూపాలపల్లి, కొత్తగూడెం. ఎవరి నాన్న ఏ బాయో ఎవరికి వాళ్లకు తెలుసు, అయినా ఫోన్ చేసి గొంతు వింటేనే ప్రాణం నిమ్మళం. మా బాపు ఆ బాయి కాదు. "మనోళ్లకేం కాలేదు బిడ్డా" అంది అమ్మ. అనేసి, "మనోళ్లకేం కాలేదంటే ఏంది, అందరు మనోళ్లే గద" అని ఏడ్చింది. ఆ అక్టోబర్‌లోనే గోదావరిఖని 8ఏ గనిలో కప్పు కూలి మరో 10 మంది పోయారు. నాలుగు నెలల్లో రెండుసార్లు ఆ వరుసలో నిలబడ్డాం.

ఆ 17 మందీ, ఆ 10 మందీ గుర్తున్నారు. ఎందుకంటే ఒకేసారి పోయారు. గనుల భద్రతను చూసే కేంద్ర సంస్థ లెక్కల్లో 10 మంది, అంతకుమించి పోతేనే అది డిజాస్టర్. ఒక్కడు పోతే వట్టి ప్రాణాంతక ప్రమాదం. అధికారులకు వర్గీకరణ అవసరమే, కాదనను. చిత్రమేమిటంటే మన మనసులు కూడా ఆ గీతనే పట్టుకుని నడుస్తాయి. చస్నాలా గుర్తుంటుంది. ఒక మంగళవారం సెకండ్ షిఫ్టులో టబ్బులను లాగే హాలర్ యంత్రం తాడు తెగి వాటి కింద నలిగినవాడు గుర్తుండడు. అతనిది జిల్లా పేజీలో నాలుగు లైన్లు, గేట్ మీటింగ్‌లో రెండు నిమిషాల మౌనం. బాయిల చరిత్ర నిండా ఉన్నది ఇట్లా ఒక్కరొక్కరుగా పోయినవాళ్లే. 1950లలో దేశం మొత్తం మీద బొగ్గు గనుల్లో ఏటా 300 మంది దరిదాపుల్లో చనిపోయేవాళ్లు. అందులో పెద్ద ఘటనల వాటా కొంతే. మిగతాదంతా చిల్లర. చిల్లర అనే మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, లెక్కల్లో వాళ్ల బతుకు అదే.

ఇప్పుడు ఆ సంఖ్య వందలోపుకు దిగింది. ఇది చిన్న విషయం కాదు, ఒప్పుకోవాలి. తట్టా చెమ్మాస్‌తో (పారతో) బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్ల పని యంత్రాలకు పోయింది. బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల (పైనుంచి తవ్వే గనుల) నుంచే వస్తోంది, కిందికి దిగే మనుషులే తగ్గారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లోనే. మరి మిగతా పని ఎవరు చేస్తున్నారు? కాంట్రాక్టు కార్మికులు. 2020 జూన్ 2న, రాష్ట్ర అవతరణ దినం నాడు, రామగుండం ఓపెన్‌కాస్టులో పేలుడు జరిగి నలుగురు పోయారు. నలుగురూ కాంట్రాక్టు కార్మికులే. పర్మినెంట్ కార్మికుడు పోతే కనీసం పాత దోస్తులుంటారు, యూనియన్ ఉంటుంది, క్వార్టర్ల వాడ ఉంటుంది. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకో కాంట్రాక్టర్ దగ్గర పనిచేసే పిల్లగాడు పోతే అతని పేరు పెట్టి పిలుచుకోవడానికి జంక్షన్ కూడా ఉండదు.

త్యాగం తర్వాత నాకు పడని రెండో మాట నిర్లక్ష్యం. ఇది వేదిక మీద వినపడదు, కాగితంలో ఉంటుంది. వద్దన్న చోటికి పోయాడు, హెల్మెట్ సరిగా పెట్టుకోలేదు, సపోర్టు పెట్టకముందే కప్పు కిందికి నడిచాడు. ఇవన్నీ జరగవని కాదు. బాపూ వాళ్లూ ఎన్నిసార్లు అడ్డదారిన నడిచారో ఆయనే చెబుతాడు. అయితే మనిషి అడ్డదారిన ఎందుకు నడుస్తాడు? సరైన దారి రెండు కిలోమీటర్లు, షిఫ్టేమో ఎనిమిది గంటలు, కావలసినన్ని టబ్బులు నిండాలి. తప్పు అతనిదేనని రాసి మూసేసిన కాగితంలో ఇవేవీ ఉండవు. 2021 నవంబర్‌లో శ్రీరాంపూర్ ఏరియాలోని ఎస్‌ఆర్‌పీ 3 గనిలో కప్పు కూలి నలుగురు పోయారు. మరో నాలుగు నెలలకు, 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు పోయారు. ఆ ముగ్గురిలో ఒకరు ఏరియా రక్షణ అధికారి. జాగ్రత్తలు నేర్పే మనిషే ఆ కప్పు కింద ఉన్నాడు. ఇంకెవరి నిర్లక్ష్యమని రాద్దాం?

పైన త్యాగమూర్తి, కాగితంలో నిర్లక్ష్యపరుడు. ఒకే మనిషి. ఈ రెండింటికీ మధ్య అసలు సంగతి జారిపోతుంది.

బ్రిటన్‌లోని వేల్స్‌లో సెంగెనిత్ అనే ఊరుంది. అక్కడి గని 1901లో పేలి 81 మంది పోయారు. అదే గని 1913 అక్టోబర్ 14న మళ్లీ పేలింది. 439 మంది కార్మికులు. గాలిని లోపలికి పంపే ఫ్యాన్ దిశ తిప్పే ఏర్పాటు ఉండాలని చట్టం చెప్పినా ఆ కంపెనీ చేయలేదు. మేనేజర్‌కు పడిన జరిమానా 24 పౌండ్లు. తలా ఒక షిల్లింగ్ పైన కొద్దిగా అని అప్పట్లోనే లెక్కగట్టారట. 2013లో, సరిగ్గా నూరేళ్లకు, అక్కడ జాతీయ గని స్మారకం కట్టారు. పోయినవాళ్లకు ఒక్కొక్కరికీ ఒక పలక. రెండు పేలుళ్లకూ కలిపి. వేల్స్‌లోని ఇతర గనుల్లో జరిగిన ఘోరాలకూ అక్కడ చోటిచ్చారు. మనకూ అట్లాంటిది కావాలని నేను అనడం లేదు. అంత పెద్ద కట్టడం కడితే దానికీ ఒక ప్రారంభోత్సవం, ఒక త్యాగం ప్రసంగం తప్పవు.

నేనడిగేది చిన్నది. ప్రతి బాయి దగ్గర మస్టర్ (హాజరు) పడే చోట, రక్షణ నినాదాలు రాసిన గోడ మీదే, ఒక బోర్డు పెట్టండి. ఆ బాయి తెరిచిన నాటి నుంచి అందులో పోయిన ప్రతి మనిషి పేరు. తేదీ. ఏ లెవెల్, ఏ డిప్. దేనివల్ల. చివరి గడిలో, ఆ తర్వాత ఏం మార్చారు. ఓపెన్‌కాస్టు అయితే క్వారీ గేటు దగ్గర, కాంట్రాక్టు కార్మికుల పేర్లు కూడా అదే వరుసలో, వేరే రంగు లేకుండా. చివరి గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనివ్వండి.

ఈ మాట ఇంట్లో చెప్తే అమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు రాసుడు రాయి బిడ్డా, గేటు కాడ మాత్రం పెట్టొద్దు. పొద్దున్నే గా పేర్లు సూసుకుంట లోపలికెట్ల పోతరు?" అంది. ముప్పై ఏళ్లు సైరన్ వేళ తప్పి మోగితే చేతిలో గిన్నె వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తిన మనిషి ఆమె. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు. బాపు మంచం మీద నుంచి మెల్లగా అన్నాడు, "దిగేటోనికి ఎప్పుడూ ఎరికే ఉంటది. బోర్డు దిగేటోని కోసం కాదు, దింపేటోని కోసం." అమ్మ లేచి లోపలికి వెళ్లింది. ఒప్పుకున్నట్టు కాదు.

బాపు పనిచేసిన బాయి మూతపడి చాలా కాలమైంది. మూతికి గోడ కట్టేశారు. ల్యాంపు రూము కప్పు పడిపోయింది. రోజూ దిగేముందు అక్కడ టోకెన్ ఇచ్చి టోపీ లైటు తీసుకోవడం, షిఫ్టు దిగాక లైటు ఇచ్చి టోకెన్ తీసుకోవడం ఆనవాయితీ. ఏ గూడు ఖాళీగా ఉందో చూస్తే ఎవరు పైకి రాలేదో తెలిసిపోయేది. ఇప్పుడు ఆ గూళ్లూ లేవు. లోపలి జంక్షన్లను మనుషుల పేర్లతో పిలిచేవాళ్లు మిగిలింది నలుగురైదుగురు. అందుకే మొన్న సంక్రాంతికి పోయినప్పుడు ఒక లాంగ్ నోటుబుక్కు, పెన్ను ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ముందు మ్యాపు గీశాడు. మెయిన్ డిప్, దాని పక్కన ట్రావెలింగ్ దారి, అడ్డంగా లెవెళ్లు. చెయ్యి వణుకుతున్నా గీతలు తిన్నగా వచ్చాయి. తర్వాత చుక్కలు పెట్టి పేర్లు రాయడం మొదలుపెట్టాడు. పక్కన కారణం. కప్పు. కప్పు. తాడు తెగి. బొగ్గు పేల్చే మందు పేలి. కప్పు. గాలి ఆడక. రెండు రోజుల్లో పదకొండు పేర్లయ్యాయి. పన్నెండో చుక్క దగ్గర ఆగిపోయాడు. మనిషి ముఖం గుర్తుంది, ఊరి పేరు గుర్తుంది, అందరూ ఆ ఊరి పేరుతోనే పిలిచేవాళ్లు. అసలు పేరు రావడం లేదు.

మందమర్రిలో ఉండే పాత జతగానికి ఫోన్ కలిపాను. స్పీకర్ పెట్టాను. ఆయన వెంటనే పేరు చెప్పాడు. చెప్పి, "గానీ అది మస్టర్ల పేరు బావా. ఆయన పేరు గాదు. అన్న పేరు మీద పన్జేసిండు గద" అన్నాడు. బొగ్గు గనుల్లో మారుపేర్ల సంగతి అందరికీ తెలిసిందే. ఉద్యోగం ఒకరి పేరు మీద వస్తే ఇంకొకరు చేరడం, తర్వాత వారసుల ఉద్యోగాలకు ఆ పేరే అడ్డం పడటం. అంటే రికార్డు ప్రకారం ఆ రోజు కప్పు కింద పోయింది అన్న. ఆ అన్న మొన్నటి దాకా ఊళ్లో వ్యవసాయం చేసుకుంటూ ఉన్నాడట. ఇప్పుడు ఉన్నాడో లేడో ఫోన్లో ఆయనకూ తెలియదు.

బాపు చాలాసేపు ఆ చుక్క వైపే చూశాడు. తర్వాత పెన్నుకు మూత పెట్టి, ఎల్లుండి ఆ ఊరికి బస్సు ఎన్నింటికో కనుక్కోమన్నాడు.